దూలానికి తగలని గోడ

మా పెళ్ళయిన వేసవిలోనే నేను ఒక మనిషి ముక్కు పగలగొట్టాను. రాయితో కాదు, కర్రతో కాదు, థర్మామీటరుతో. మావారు ఈ సంగతి చుట్టాల ముందు ఎత్తి ఇప్పటికీ మురిసిపోతారు. "మా సుగుణని మద్రాసులో బి.ఏ. చదివించింది ఇందుకే" అంటారు.

ఆ థర్మామీటరు గురించి ముందు చెప్పాలి. పెళ్ళయ్యాక నా చేతికి వచ్చిన వస్తువులన్నింటిలో నాకు ఎక్కువ నచ్చింది అదే. చిన్న చెక్కపలక మీద రెండు థర్మామీటర్లు పక్కపక్కన బిగించి ఉంటాయి. ఒకదాని బుడ్డికి తడిగుడ్డ చుడతాం. పలకకు ఒక పిడి. ఆ పిడి పట్టుకుని పలకను గిరగిరా తిప్పి, టక్కున ఆపి, చూడాలి. గాలి ఎంత పొడిగా ఉంటే తడిగుడ్డ ఉన్నవైపు పాదరసం అంత కిందికి దిగుతుంది. కాలేజీలో దీన్ని అద్దాల బీరువాలో పెట్టి చూపించారు గాని ముట్టుకోనివ్వలేదు. మావారు దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టి, "తిప్పు, విరిగితే విరగనీ" అన్నారు. అంతకంటే మంచి మాట అప్పటిదాకా నాతో ఎవరూ అనలేదు.

మావారు డాక్టరు ఏసుదాస్. వేలూరులో వైద్యం చేసేవారు. 1924 వేసవిలో గుడియాత్తంలో ఒక పరిశోధన మొదలుపెట్టారు. నేతగాళ్ళకు ఎండాకాలంలో దగ్గు ఎందుకు ముదురుతుంది, ఆ దగ్గుకూ అప్పుడు వీచే గాలికీ మగ్గం మీద దిగే బట్టకూ సంబంధం ఏమిటి అన్నది తేల్చాలి. ఛాతీలు పరీక్షించడం ఆయన పని. గాలి నా పని. ఎన్ని పోగులు తెగాయి, ఎన్ని కైలీ లుంగీలు దిగాయి అని మగ్గాల దగ్గర కూర్చుని చూడడం ఇద్దరి పని. అందుకోసం నేతగాళ్ళ వీధి చివర ఒక మేడగది అద్దెకు తీసుకున్నాం. శనివారం రైల్లో కాట్పాడి, అక్కణ్ణుంచి జట్కాలో వేలూరు, సోమవారం మళ్ళీ వెనక్కి. జట్కా కుదుపుకు ఆయన మోకాలు నా మోకాలికి తగిలినప్పుడల్లా గుర్రం మా సంగతి కనిపెట్టినట్టు చెవులు ఆడించేది.

గుడియాత్తంలో వేసవి గాలి కౌండిన్య ఏటి ఇసక మీదుగా పడమటి నుంచి వస్తుంది. పొయ్యి నోట్లోంచి వచ్చినట్టు ఉంటుంది. అది సోకితే మగ్గం మీద బిగించిన పడుగు పోగులు పుటుక్కు పుటుక్కుమని తెగుతాయి. తెగిన ప్రతి పోగునూ నేసేవాడు వేళ్ళతో మెలిపెట్టి అతుక్కోవాలి. అందుకే ఆ వీధిలో ఇళ్ళకు కిటికీలు లేవు. తలుపులు మూసి, మగ్గం గుంటలో ఇసక తడిపి, ఆ చీకట్లో, తేమలో, పొగలో ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. ఒకరు దగ్గిన గాలినే అందరూ పీలుస్తారు.

ఆ వీధిలో చెంగల్రాయలు అనే నేతగాడి భార్య పొన్నమ్మ అలాగే దగ్గుతోంది. దగ్గులో నెత్తురు పడుతోంది. మావారు ఆమె వీపు మీద గొట్టం ఆనించి చాలాసేపు విన్నారు. తర్వాత లేచి, కిటికీ పెట్టవలసిన చోటు చూపిస్తూ పడమటి గోడను అరచేత్తో తట్టారు.

"ఈడ జన్నలు పెట్టాల, చెంగల్రాయా. మంచం దాని కింద వెయ్యి. గాలి ఆడకుండా ఇట్లే ఉంటే ఈ ఎండలు దాటదు ఆమె."

"గాలి వస్తే నా పడుగు ఏం గాను, సామీ?"

"పడుగు సంగతి మా ఇంటామె చూసుకుంటాది."

నేను గట్టిగా తల ఊపాను. ఎలా చూసుకుంటానో నాకే తెలియదు.

ఆ ఇంటికి ఆనుకునే అతని అన్న తంగవేలు ఇల్లు. మావారికి పండగ అయిపోయింది. "ఇంతకంటే మంచి జోడు దొరకదు సుగుణా. అన్నదమ్ములు. ఒకే నూలు, ఒకే గంజి, ఒకే వీధి. ఒక ఇంటికి కిటికీ ఉంటుంది, ఇంకో ఇంటికి ఉండదు. తేడా ఏమొచ్చినా కిటికీదే."

నిజానికి అది వాళ్ళ నాయన కట్టిన ఒకే పొడవాటి పెంకుటిల్లు. ఆయన పోయాక అన్నదమ్ములు పంచుకుని మధ్యలో గోడ లేపారు. వాకిలి వేరు, పొయ్యి వేరు, మగ్గం వేరు. కాని ఆ గోడ పైదాకా పోలేదు. ఇంటి పొడవునా ఉన్న టేకు దూలానికి మూరెడు కిందనే ఆగిపోయింది. ఎందుకలా అని నేను తంగవేలు భార్య రాజాంబాళ్‌ని అడిగాను.

"మా మామ పోతా పోతా చెప్పినాడమ్మా. గోడ దూలానికి తగిలితే అన్నదమ్ములకి మాట తెగిపోయినట్టంట."

ఆ మూరెడు సందులోంచే ఆ రెండిళ్ళ కాపురం నడిచేది. రాజాంబాళ్ పెంకు మీద నిప్పులు పెట్టి రోలెక్కి అందిస్తే పొన్నమ్మ ఇవతల అందుకునేది. పొగాకు, చింతపండు, ఊరి కబుర్లు అన్నీ దాని మీదుగానే. తంగవేలు మగ్గం గుంటలోంచి లేవకుండానే నూలు కండె విసిరితే తమ్ముడు చూడకుండానే పట్టుకునేవాడు. నేను దాన్ని చూసి చప్పట్లు కొట్టాను. ఆ సందు ఎంత అందంగా ఉందో మా చెల్లెలికి జాబు రాశాను. థర్మామీటరు చేత పట్టుకుని తిరిగే మనిషికి రావలసిన ఆలోచన మాత్రం రాలేదు.

చెంగల్రాయలు గడ్డపారతో గోడ పొడుస్తుంటే తంగవేలు వీధిలో నిలబడి నవ్వాడు.

"ఏందిరా, దొంగోళ్ళకి దోవ చేస్తా ఉండావా?"

"రానీ అన్నా, నా ఇంట్లో ఏమీ లేదని చూసినోడు నీ ఇంటికీ రాడులే."

ఇద్దరూ పగలబడి నవ్వారు. వాళ్ళు కలిసి నవ్వడం నేను విన్నది అదే ఆఖరు.

పొన్నమ్మ మంచం కిటికీ కిందికి మారింది. మగ్గం చుట్టూ నేను గోనెపట్టాలు తెరల్లాగా కట్టించి పూటపూటా నీళ్ళు చల్లించాను. మా థర్మామీటరు బుడ్డికి చుట్టే తడిగుడ్డే నాకు ఆ ఉపాయం నేర్పింది. పొడిగాలి తడిగోనెను దాటేసరికి చల్లబడి తేమ పట్టేది. చెంగల్రాయలి పోగులు తెగడం మానేశాయి. పొన్నమ్మకు సాయంత్రం జ్వరం దిగింది. ఒకపూట అన్నం అడిగి తిన్నది. ఆ రోజు మావారు నన్ను మేడమెట్ల మీద ఎత్తి తిప్పి, గుమ్మానికి నా తల కొట్టించారు. నాకు నొప్పే తెలియలేదు.

కాని మూసి ఉన్న తంగవేలు ఇంట్లో పోగులు తెగడం మొదలైంది. ముందు ఒకటీ అరా. తర్వాత గుప్పెళ్ళు. నేను అక్కడ తిప్పి చూసినప్పుడల్లా గాలి పొడిగానే కనిపించేది. మావారికి చెబితే, "తలుపు మూసిన ఇంట్లో గాలి ఎట్లా ఆరిపోతుంది సుగుణా? నీ గుడ్డ ఆరిపోయి ఉంటుంది, సరిగా తడపలేదు" అన్నారు. నేను ఆ రాత్రి అన్నం వడ్డించి ముఖం తిప్పుకుని కూర్చున్నాను. ఆయన మల్లెపూలు తెచ్చారు. పూలు పెట్టుకున్నాను గాని గుడ్డ తడిగానే ఉందని మాత్రం మళ్ళీ చెప్పాను.

తంగవేలు నవ్వడం మానేశాడు. మగ్గం మీద తల వంచి అతుకులు పెట్టి పెట్టి అతని వేళ్ళ చివర్లు చిట్లిపోయాయి. కండె విసరడం ఆగిపోయింది.

అక్కడ వీధిలో పడుగు ఆరబెట్టడం సూర్యుడు రాకముందే జరుగుతుంది. పడుగును వీధి పొడవునా కర్రల మీద చాచి లాగి కట్టి, గంజి పూసి, పెద్ద కుంచెలతో దువ్వుతారు. ఒక ఇంటివాళ్ళ వల్ల అయ్యే పని కాదు. అన్నదమ్ములిద్దరూ గంజి కలిసే కాచుకునేవాళ్ళు. ఒక వేకువన తంగవేలు తాలూకు పడుగు చాచారు. ఆ చివర తంగవేలు, ఈ చివర చెంగల్రాయలు. పొన్నమ్మ అరుగు మీద దుప్పటి కప్పుకుని కూర్చుని చూస్తోంది. బయటికి వచ్చి కూర్చోగలిగిందని నేను ఆమె పక్కన కూర్చుని సంబరపడుతున్నాను.

తంగవేలు కుంచె ఆపాడు. ఒక పోగు తుంచి నోట్లో పెట్టుకున్నాడు. ఉమ్మాడు. నేరుగా పొన్నమ్మ దగ్గరికి వచ్చాడు.

"గంజిలో ఏం కలిపినావు?"

"ఏం కలుపుతాను బావా? నిన్న రాత్రి రాజాంబాళ్ అక్కే గదా కాచింది."

"సున్నపునీళ్ళు పోసినావు. సున్నం పడితేనే పోగు ఇట్లా పెళుసెక్కేది. నీ మొగుడి బట్ట దిగాల, నా బట్ట దిగకూడదు. ఆ కంత పొడిచినప్పటినించి పట్టుకుంది నాకు శని."

"అన్నా, ఆమె లేచి నిలబడలేకుండా ఉండాది, నీ గంజి కుండ యాడ ముట్టుకుంటాది?" అని చెంగల్రాయలు ఆ చివరి నుంచి అరిచాడు.

"నువ్వు నోరు ముయ్యి. పెండ్లాం ఉమ్మి ఎత్తే నా కొడుకు."

చెంగల్రాయలు పడుగు వదిలి పరిగెత్తుకు వచ్చాడు. తంగవేలు నడుముకున్న కొడవలి తీశాడు. తమ్ముడి మీద వేస్తాడనుకుని నేను కళ్ళు మూసుకోబోయాను. అతను వెనక్కి తిరిగి తన పడుగునే నరికాడు. బిగదీసిన ఆ నూలంతా ఒక్కసారిగా తెగి కొరడాలాగా ఎగిసి వచ్చి చెంగల్రాయలి ముఖాన కొట్టింది. చెంప మీద వాతలు తేలాయి. వీధి వీధంతా ఒక్క కేక పెట్టింది. నేతగాళ్ళకు పడుగు నరకడమంటే ఎంత ఘోరమో నాకు ఆ కేకతో తెలిసింది.

తర్వాత ఎవరు ముందు కొట్టారో చెప్పలేను. పడుగు మోసే కర్రలు ఊడదీసుకున్నారు. తంగవేలు కర్ర తమ్ముడి నెత్తి మీద పడిన చప్పుడు కొబ్బరికాయ కొట్టినట్టు వినిపించింది. గంజికుండ పగిలింది. తెల్లటి గంజిలో ఎర్రగా నెత్తురు చారలు కట్టింది. జనం తంగవేలును ఈడ్చుకుపోయారు. మావారు అరుగు మీదే చెంగల్రాయల్ని పడుకోబెట్టి తల కుట్టారు. నేను ఆ తల నా ఒళ్ళో పెట్టుకుని అదిమి పట్టుకున్నాను. సూది దిగినప్పుడల్లా అతను "అన్నా" అంటున్నాడు. "అమ్మా" అనలేదు.

మధ్యాహ్నం తంగవేలు కబురు పంపాడు. కిటికీ మూసెయ్యాలి, పొన్నమ్మ మేల్పాడిలో పుట్టింటికి పోవాలి. లేకపోతే తానే వచ్చి మూస్తాడు. మావారు కబురు తెచ్చినవాడితో ఒక్కటే చెప్పారు: "ఆ జన్నలు మూసినా, ఆమెని బండెక్కించినా, ఆమెని నువ్వే చంపినట్టని తంగవేలుతో చెప్పు."

మర్నాడు ఎండ నడినెత్తిన ఉండగా తంగవేలు వచ్చాడు. వెంట కే.వి.కుప్పం నుంచి ఇద్దరు బామ్మర్దులు. ఒకడు సుబ్రమణి, ఎద్దులాంటి మనిషి. రెండోవాడు వాడి తమ్ముడు, చేతిలో సున్నం కలిపే పార. ఇద్దరి నెత్తిన ఇటుకలు, తంగవేలు భుజాన ఒక గోనెడు పొడిసున్నం. నేను ఇంట్లో థర్మామీటరు తిప్పుతున్నాను. మావారు పొన్నమ్మ నాడి చూస్తున్నారు. చెంగల్రాయలు తలకట్టుతో మగ్గం గుంటలో కూర్చుని నేస్తున్నాడు.

తలుపు తన్నుకుని లోపలికి వచ్చారు. ఇటుకలు మూలన దించి, సున్నపు గోనెను దభీమని మంచం పక్కన పడేశారు.

"లెయ్యమ్మే," అన్నాడు సుబ్రమణి పొన్నమ్మతో. "నీ మంచం పక్కకి జరపాల."

"రోగి మంచం మీద చెయ్యి వేస్తే విరుస్తాను," అన్నారు మావారు. ఆయన చాలా బక్కగా ఉంటారు. నాకు నవ్వూ గర్వమూ ఒకేసారి వచ్చాయి.

"డాక్టరుసామీ, సుమ్మా ఉండు, అడ్డం రావద్దు. ఇది మా ఇంటి తగువు."

వాడు మంచం కోడు పట్టుకుని లేపాడు. పొన్నమ్మ దొర్లి గోడకు కొట్టుకుంది. ఆమె నోట్లోంచి నెత్తురు బొళుక్కున వచ్చింది. మావారు వాడి మీద పడ్డారు. రెండోవాడు పార తిరగేసి మావారి భుజం మీద కొట్టాడు. ఎండుకట్టె విరిగినట్టు చప్పుడైంది. ఆయన కూలబడ్డారు. వాడు పార మళ్ళీ ఎత్తబోతే నేల మీది నుంచే కాళ్ళతో పెనవేసి వాణ్ణి పడగొట్టారు.

నా చేతిలో పలక అప్పటికే తిరుగుతోంది. నేను ఆపలేదు. ఆపవలసినప్పుడు ఆపకుండా, ఇంకా వేగంగా తిప్పి, సుబ్రమణి ముఖం వంగిన చోటికి తెచ్చాను. టేకు చెక్క అంచు వాడి ముక్కు మీద దిగింది. ఎముక పగిలిన సంగతి పిడిలోంచి నా మోచేతి దాకా తెలిసింది. రెండు థర్మామీటర్లూ పగిలి పాదరసం నేల మీద ముత్యాల్లాగా పరిగెత్తింది. సుబ్రమణి రెండు చేతుల్లో ముక్కు పట్టుకుని "అయ్యో, ఆడమనిషి కొట్టిందిరా" అని ఏడుస్తూ బయటికి పరిగెత్తాడు. వాడి తమ్ముడు మావారి కాళ్ళు విడిపించుకుని, పార అక్కడే వదిలేసి వాడి వెంట పోయాడు.

అప్పటికి అన్నదమ్ములిద్దరూ మగ్గం గుంటలో ఉన్నారు. తంగవేలు కిందపడ్డాడు. చెంగల్రాయలు అతని రొమ్ము మీద కూర్చుని, పడుగు లాగే తాడు అతని మెడ చుట్టూ వేసి రెండు చేతులా బిగిస్తున్నాడు. తలకట్టు ఊడి, కుట్లు పిగిలి, నెత్తురు అన్న ముఖం మీద కారుతోంది. తంగవేలు కాళ్ళు గుంట గోడను తన్నుతున్నాయి. ఆ తన్నులకు మగ్గం కోడు విరిగి సున్నపు గోనె మీద పడింది. గోనె పగిలింది. కిటికీలోంచి పడమటి గాలి రివ్వుమని వచ్చి ఆ సున్నాన్ని ఎత్తుకుపోయింది. ఇల్లంతా తెల్లటి మబ్బు. కళ్ళు మండిపోతున్నాయి. ఆ మంటలోనే నేను పైకి చూశాను.

మబ్బు ఇంట్లో నిలబడలేదు. తెరల మీదుగా లేచి, దూలం కింద ఆ మూరెడు సందులోంచి, ఏటిలో నీళ్ళు తూములోకి పోయినట్టు, అవతలి ఇంట్లోకి పోతోంది.

అదే వేళకు గోడ మీద రాజాంబాళ్ తల లేచింది. జుట్టు, కనుబొమలు, పెదాలు అన్నీ తెల్లగా ఉన్నాయి.

"నా ఇంట్లోకి సున్నం యాడినించి వచ్చి పడతా ఉండాదమ్మా! మగ్గమంతా సున్నమే!" అని అరిచి, కిందికి చూసి, గొంతు మారిపోయి, "నాయనా చెంగల్రాయా, వదిలెయ్యి, మీ అన్నరా" అంది.

చెంగల్రాయలికి వినిపించలేదు. తంగవేలు కాళ్ళు ఆగిపోతున్నాయి. నేను తాడు పట్టుకు లాగాను. నా వల్ల కాలేదు. అప్పుడు పొన్నమ్మ గోడ పట్టుకుని లేచింది. నోటి చుట్టూ నెత్తురు తుడుచుకోలేదు. గోనెలు తడిపే నీళ్ళకుండ రెండు చేతులా ఎత్తి తన మొగుడి నెత్తిన, ఆ కుట్ల మీదే, పగలగొట్టింది. అతను పక్కకి ఒరిగాడు. తాడు వదులైంది. తంగవేలు ఊపిరి పీల్చిన చప్పుడు రంపం కోసినట్టు ఉంది.

"నా పేరు చెప్పి అన్నని చంపతావా? ఆ పాపం నాకు అంటగడతావా?" అని పొన్నమ్మ మొగుణ్ణి తిడుతూ గుంట ఒడ్డున కూలబడింది.

సాయంత్రం ఒక పోలీసు జవాను వచ్చి విచారించాడు. ఆడదాని చేతి దెబ్బ అని చెప్పుకోలేక సుబ్రమణి మగ్గం మీద పడ్డానని చెప్పాడట. మిగతావాళ్ళూ అదే అన్నారు. ఆ ఇంట్లో మగ్గం ఒక్కటే అందరినీ కొట్టినట్టు జవాను రాసుకుని పోయాడు.

మావారి మెడ కింది కాలర్ ఎముక విరిగింది. ఎలా కట్టాలో ఆయన పళ్ళు బిగబట్టి పాఠం చెబుతుంటే నేను కట్టాను. కట్టు బాగా కుదిరిందని ఆయన మెచ్చుకున్నారు. సున్నం ఎటు పోయిందో నేను చెప్పాను.

"నీ గుడ్డ తడిగానే ఉండింది," అన్నారు.

"నేను చెప్పలేదూ?"

"వాకిళ్ళు చూసి రెండిళ్ళని అనుకున్నాం సుగుణా. దూలం చూడలేదు."

వేలూరు నుంచి ఇంకో థర్మామీటరు తెప్పించి తంగవేలు ఇంట్లో తిప్పాను. సందు తెరిచి ఉంటే గాలి పొడి. సందుకు అడ్డంగా దుప్పట్లు కడితే తేమ. మళ్ళీ తీసేస్తే మళ్ళీ పొడి. తంగవేలు మంచం మీద కూర్చుని చూస్తున్నాడు. మెడ చుట్టూ తాడు వాత నల్లగా ఉంది. గొంతు పోయింది. అది మళ్ళీ పూర్తిగా రాలేదు. గంజిలో ఎవరూ ఏమీ కలపలేదని మావారు చెబుతుంటే అతను తల దించుకున్నాడు. కాని లేచి వచ్చి తమ్ముడి ఇంట్లో కిటికీ వైపు చెయ్యి చూపించి, అరచేత్తో మూసినట్టు సైగ చేశాడు. పోగులు తెగుతూనే ఉన్నాయి. అతనికీ మగ్గమే కూడు.

"రెండే దోవలు," అన్నారు మావారు. "జన్నలన్నా మూయాల, దూలం కింద సందన్నా మూయాల. దుప్పట్లు నాలుగు నాళ్ళకి చిరిగిపోతాయి. ఇటుక పెట్టాల."

చెంగల్రాయలు పైకి, దూలం వైపు చూశాడు. "గోడ దూలానికి తగలకూడదు సామీ. మా నాయన మాట. వాడు నన్ను కొట్టినా, నేను వాణ్ణి చంపబోయినా, మాట తెగలా ఇంకా. జన్నలే మూసేస్తాను."

"ఆమె?"

చెంగల్రాయలి కళ్ళు పొన్నమ్మ వైపు పోలేదు.

"నన్ను అడగరా ఎవురూ?" అంది పొన్నమ్మ మంచం మీది నుంచి. "అన్నదమ్ములకి మాట ఉండాల, సరే. నాకు ఊపిరి ఉండక్కర్లేదా?"

ఆమె దిగింది. సుబ్రమణివాళ్ళు వదిలి పారిపోయిన ఇటుకలూ, ఊడ్చి పోగుపెట్టిన సున్నమూ మూలనే ఉన్నాయి. ఇసక దోసిళ్ళతో తెచ్చింది. నీళ్ళు పోసింది. కాళ్ళు చాపుకుని కూర్చుని చేతులతో కలపడం మొదలుపెట్టింది. మావారు వద్దన్నారు. తాను చేస్తానన్నారు, ఒంటిచేత్తో.

"నువ్వు ఉండు సామీ," అని, ఆమె గుమ్మంలో నిలబడ్డ తంగవేలు వైపు తిరిగింది. "గంజిలో సున్నం కలిపినానంటివి గదా బావా. అప్పుడు కలపలా. ఇప్పుడు కలపతా ఉండాను, బాగా చూసుకో."

తంగవేలు తన ఇంట్లోకి వెళ్ళిపోయాడు.

పొన్నమ్మ రోలెక్కింది. నేను ఇటుకలు అందించాను. చెంగల్రాయలు ఎదుటి గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు, చెయ్యి సాయం పట్టలేదు, ఆపనూ లేదు. ఆమె ఒక ఇటుక పెట్టి, దగ్గి, ఉమ్మి, ఇంకో ఇటుక పెడుతోంది. వరస సగానికి వచ్చేసరికి అవతల నుంచి దబ్బుమని దెబ్బ పడింది. ఇటుక ఊడి మా వైపు, నా పాదం పక్కన పడింది. తంగవేలు రోకలితో పొడుస్తున్నాడు. గొంతు లేని మనిషి అరవలేడు కదా, రోకలే అరుస్తోంది.

పొన్నమ్మ ఆ ఇటుకకే మళ్ళీ సున్నం పూసి పెట్టింది. మళ్ళీ పొడిచాడు. ఈసారి ఇటుక అంచు ఆమె వేళ్ళ మీద పడి గోరు ఊడింది. ఆమె వేలు కొంగుతో చుట్టుకుని మళ్ళీ పెట్టింది. మళ్ళీ దెబ్బ. మళ్ళీ ఇటుక. ఆ గోడకు ఇవతల ఊపిరి లేని మనిషి, అవతల గొంతు లేని మనిషి. మధ్యలో రాజాంబాళ్ ఏడుపు వినిపిస్తోంది: "చాలమ్మా, ఇంక చాలు, చాలు." ఎవరిని చాలంటోందో తెలియలేదు.

ఒకసారి దెబ్బ తగిలి ఇటుక అవతలి వైపు పడిపోయింది. తర్వాత చప్పుడు లేదు. పొన్నమ్మ కొత్త ఇటుకలతో వరస నింపుకుంటూ పోయింది. దూలం కింద ఒక్క ఇటుక పట్టేంత సందు మిగిలింది. చూస్తే మా దగ్గర ఇటుకలు లేవు.

అందరం ఆ కంత వైపే చూస్తూ నిలబడ్డాం. అవతల రోలు జరిపిన చప్పుడైంది. కంతలోంచి ఒక చెయ్యి వచ్చింది. వేళ్ళ చివర్లు చిట్లి ఉన్నాయి. ఆ చేతిలో, తనవైపు పడిన ఇటుక ఉంది.

పొన్నమ్మ అందుకోలేదు, రోలు దిగింది. "నువ్వు అందుకో," అంది మొగుడితో.

చెంగల్రాయలు గోడ దగ్గర్నుంచి కదిలి వచ్చి రోలెక్కాడు. ఇటుక తీసుకున్నాడు. ఆ చెయ్యి వెంటనే వెనక్కి పోలేదు. చెంగల్రాయలు దాన్ని పట్టుకోనూ లేదు. కాసేపటికి అదే వెళ్ళిపోయింది. అతను సున్నం పూసి ఇటుకను దూలానికి తగిలించి, అరచేత్తో కొట్టి బిగించాడు. దిగి మూలన కూర్చుని, మోకాళ్ళ మధ్య తల పెట్టుకున్నాడు.

ఆ వేసవి పొన్నమ్మ దాటింది. వానలు పడ్డాక కూడా దగ్గుతూనే ఉంది గాని నెత్తురు లేదు, చెంపలు కాస్త పూడాయి. తంగవేలు పోగులు తెగడం ఆగింది. రెండు మగ్గాల చప్పుడూ పక్కపక్కనే వినిపించేది. అన్నదమ్ములు మాత్రం వీధిలో ఎదురుపడితే ఒకరు పక్కకి తప్పుకునేవాళ్ళు. మావారి వ్యాసంలో మా పొరపాటు ఒప్పుకుని రాశాం. ముక్కు సంగతి రాద్దామని నేను అన్నాను. ఆయన ఒప్పుకోలేదు.

మేము గది ఖాళీ చేసి వేలూరు వచ్చేసే రోజు పొద్దున్నే జట్కా వీధి మధ్యకు వచ్చేసరికి రాజాంబాళ్ ఎదురైంది. పెంకు మీద నిప్పులు పెట్టుకుని, కొంగు అడ్డం పట్టుకుని, తన వాకిలి నుంచి పొన్నమ్మ వాకిలికి గబగబా పోతోంది. గాలికి నిప్పురవ్వలు లేచి ఆమె చేతి మీద పడుతున్నాయి.

"గోడ పాడుగాను," అని తిట్టుకుంటూ నన్ను చూసి నవ్వింది. "చుట్టు తిరిగి వచ్చేసరికి సగం చల్లారిపోతా ఉండాయమ్మా. అందుకే రెట్టింపు తెస్తా ఉండాను."